సేఫ్టీ కల్చర్ ట్రైనింగ్‌తో వచ్చేస్తుందా? ర్యాంప్ మీద పనిచేసినవాడిగా నా జవాబు

విజయనగరం తమ్ముడొకడు అడిగాడు: "భోగాపురం ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ హ్యాండ్లింగ్ (లగేజీ ఎక్కించడంలాంటి, విమానం నేల మీద ఉన్నప్పటి పనులు) ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నాను. సేఫ్టీ కల్చర్, అంటే అందరికీ భద్రత ఒక అలవాటైపోవడం, అంటుంటారు కదా, ట్రైనింగ్ ఇస్తే అది వచ్చేస్తుందా?"

రాదు తమ్ముడూ. ట్రైనింగ్‌తో రూల్స్ తెలుస్తాయి. పొరపాటు జరిగిందని తనంతట తానే వచ్చి చెప్పినవాణ్ని పైవాళ్లు ఎలా చూస్తారన్న దాన్నిబట్టే మిగతాదంతా ఉంటుంది.

మాది ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. వేరే ఊరి ఎయిర్‌పోర్టులో చాలా ఏళ్లు ర్యాంప్ మీద, అంటే విమానాలు ఆగే చోట, పనిచేశాను. ఒక రాత్రి పలాస కుర్రాడొకడు లగేజీ ఎక్కించే బెల్ట్ లోడర్‌ని కార్గో డోర్ దగ్గరకు తెస్తుంటే దాని ముందు భాగం విమానానికి తగిలింది. పైకి గోరంత గీత. బోర్డింగ్ అయిపోవస్తోంది. పక్కవాడు "ఏటవుద్దిలే, తుడిచేయ్" అన్నాడు. కుర్రాడు వణుకుతూనే వెళ్లి సూపర్‌వైజర్‌కి చెప్పేశాడు. ఆయన ఒక్క మాట అనలేదు. లోడర్‌ని ఉన్నచోటే ఉంచమని, ఇంజినీర్‌ని పిలిచాడు. ఫ్లైట్ లేటయింది, ప్రయాణికులు గొడవ చేశారు. మర్నాడు బ్రీఫింగ్‌లో ఆ కుర్రాణ్ని అందరి ముందూ మెచ్చుకున్నాడు. అక్కడ లైటు చాలట్లేదని రాసుకుని, పక్కన గైడ్ చేసే మనిషి లేకుండా లోడర్ కదపొద్దన్నాడు. ఆ తరవాత మిగతావాళ్లూ నోరు విప్పడం మొదలుపెట్టారు.

గోరంత గీతకి ఇంత హడావుడా అనుకోకు. కొన్ని కొత్త విమానాల బాడీ కార్బన్ ఫైబర్ పొరలతో చేస్తారు. దెబ్బ తగిలితే పైకి ఏమీ కనబడకుండా లోపల పొరలు విడిపోవచ్చు. తగిలించినవాడు చెబితేనే తెలుస్తుంది.

మన జిల్లాల్లో పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదని పెంచుతారు. ఇంట్లో అది మర్యాదే. విమానాల దగ్గర మాత్రం ప్రాణాల మీదకొస్తుంది. 2010 మే 22న మంగళూరులో కూలిన విమానంలో కో-పైలట్ ల్యాండింగ్ ఆపి మళ్లీ పైకి లేపమని మూడుసార్లు అన్నాడు. కెప్టెన్ వినలేదు. 158 మంది పోయారు. కాబట్టి కిందివాడు నోరు విప్పితే సరిపోదు, పైవాడికి వినే అలవాటుండాలి. ఇది నేర్పాల్సింది కుర్రాళ్లకంటే ముందు మేనేజర్లకి.

అమెరికాలో 1976 నుంచి, పొరపాట్లు తమంతట తామే చెప్పుకునే రిపోర్టులు తీసుకుంటున్నది శిక్షలు వేసే ఎఫ్‌ఏఏ (అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ) కాదు, నాసా. ఎవరు చెప్పారో తెలియకుండా పేర్లు తీసేస్తారు. భయం పోగొట్టడానికే ఆ ఏర్పాటు. అలాగని తాగి డ్యూటీకొచ్చినవాణ్ని, తెలిసి తెలిసి రూల్ తప్పినవాణ్ని వదిలేయమని ఎవరూ అనరు.

ఇంటర్వ్యూలో నువ్వూ ఒకటి అడుగు: "ఇక్కడ ఈమధ్య ఎవరైనా పొరపాటు రిపోర్ట్ చేశారా? దానివల్ల ఏం మార్చారు?" వెంటనే ఒక సంగతి చెప్పగలిగితే ధైర్యంగా చేరు. "మా దగ్గర అసలు రిపోర్టులే రావు" అని గర్వంగా అన్నారంటే, ఇంకో కంపెనీలో కూడా అప్లై చేసి ఉంచుకో.