పోయింది ఏమిటి, ఎవరిది, ఎలా?

తమ్ముడూ,

నువ్వు ఇంగ్లీషు నుంచి తెలుగు చేసి పంపిన కథ రెండుసార్లు చదివాను. కథ పట్టుకుంటుంది. కానీ మూడో పేజీలో ఆగిపోయాను. ‘ముగ్గురు ముసుగు మనుషులు పిస్టల్ చూపించి బ్యాంకును దొంగిలించారు’ అని రాశావు. వాళ్లు ఎత్తుకుపోయింది డబ్బు కదా, బ్యాంకును కాదు. మూలంలో ఉన్న మాట రాబ్ (rob). నువ్వు దాన్ని స్టీల్ (steal) అనుకుని రాసేశావు.

ఇంగ్లీషులో స్టీల్ అన్నప్పుడు పోయిన వస్తువు పేరు చెబుతారు. రాబ్ అన్నప్పుడు పోగొట్టుకున్న మనిషినో, చోటునో చెబుతారు. పర్సును స్టీల్ చేస్తారు, పర్సు ఉన్న మనిషిని రాబ్ చేస్తారు. మన ‘దోచుకోవడం’ రెండు వైపులా పలుకుతుంది: బ్యాంకును దోచుకున్నారు అనొచ్చు, డబ్బు దోచుకున్నారు అనొచ్చు. ‘దొంగిలించడం’ మాత్రం వస్తువు దగ్గరే ఆగిపోతుంది.

రాబ్‌కీ, ఒంటిమీద వేసుకునే రోబ్‌కీ మూలం ఒకటే. ఓడిన వాడి ఒంటిమీంచి ఒలుచుకున్న బట్ట అన్నమాట. తిరుపతి మొక్కుల్లో నిలువు దోపిడీ అంటాం చూడు, ఒంటిమీద ఉన్న నగలన్నీ తీసి హుండీలో వేసేయడం. అది భక్తితో ఇచ్చేదే అయినా, దోపిడీ అనగానే మనకూ ఒంటిమీది నగలే గుర్తొస్తాయి.

చోరీకీ దోపిడీకీ ఉన్న తేడా నాకు పుస్తకాల్లో తెలియలేదు. క్రైమ్ వార్తలు రాసే కొత్తలో ఒక పెద్దావిడ పుస్తెలతాడు పోయిన సంగతి ‘బంగారు గొలుసు చోరీ’ అని రాశాను. మర్నాడు ఆవిడ పేపరు పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. మెడమీద ఎర్రగా గీత ఇంకా మానలేదు. ‘చోరీ అని రాశావేంటి బాబూ? చోరీ అంటే నేను నిద్రపోతుంటే పోవాలి. వాళ్లు నా పీక మీద కత్తి పెట్టారు’ అంది. నా దగ్గర జవాబు లేదు. ఒక్క మాటతో ఆవిడ పడ్డ భయాన్నంతా వార్తలోంచి తీసేశాను.

చట్టమూ ఆవిడ చెప్పిన తేడానే చూస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షన్. దానికి దెబ్బో బెదిరింపో తోడైతే 309, దోపిడీ. ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి చేస్తే 310, బందిపోటు దోపిడీ. నీ కథలో ఉన్నది ముగ్గురు. కథ పేరులో ‘బందిపోట్లు’ తీసెయ్.

ఇక స్టీల్‌కు చప్పుడు లేకపోవడమే ప్రాణం. చాటుమాటుతనం అని అర్థమున్న స్టెల్త్ దాని చుట్టమే. అందుకే కథలో కొడుకు అర్ధరాత్రి అమ్మ గదిలోకి వచ్చే చోట ఇంగ్లీషు రచయిత స్టీల్ అనే మాట వాడాడు. నువ్వు ‘దొంగతనంగా వచ్చాడు’ అన్నావు. చదివేవాడికి ఆ పిల్లాడి మీద అనుమానం పుడుతుంది. వాడు నిద్రపోతున్న తల్లిని చూసుకోవడానికి వచ్చాడు! ‘అడుగుల చప్పుడు కాకుండా వచ్చాడు’ చాలు.

కథలో స్టోర్‌కీపర్ సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యం. రోజూ టిఫిన్ డబ్బాలో గుప్పెడు చక్కెర ఇంటికి తీసుకెళ్తాడు. ఇంగ్లీషులో పిల్ఫర్ అన్నారు. కొద్దికొద్దిగా, మళ్లీ మళ్లీ తీయడం. నువ్వు ‘తస్కరించాడు’ అన్నావు. అది పద్యనాటకంలో మాట, గోడౌన్‌లో ఎవరూ అనరు. ‘కాజేశాడు’ అంటే ఏదో ఆస్తి పోయినట్టుంటుంది. ‘నొక్కేశాడు’ అంటే చేతికిచ్చిన డబ్బులో మిగుల్చుకున్నట్టు. ‘కొట్టేశాడు’ అనేది పెన్ను పోయిన స్నేహితుడు అనే మాట.

మా కిరాణా కొట్లో పనిచేసే కుర్రాడు బెల్లం ముక్క జేబులో వేసుకుంటే మా నాయనమ్మ చూసి, ‘వాడికి కాస్త చేతివాటం ఉందిరా’ అనేది. దొంగ అని ఎప్పుడూ అనలేదు. తప్పు తప్పే అని చెబుతూనే, వాడు రేపు మళ్లీ పనిలోకి రావడానికి దారి ఉంచేది. ఆ స్టోర్‌కీపర్‌ను రచయిత ఎంత జాలిగా చూశాడో నువ్వు నాకంటే బాగా చదివి ఉంటావు.

మూడో పేజీ నుంచి మళ్లీ రాసి పంపు. చక్కెర డబ్బా దగ్గరికి వచ్చేసరికి ఏ మాట వాడావో చూడాలని ఉంది.

ఆశీస్సులతో,
అన్నయ్య