బాల్కన్ కారు యాత్రకు అప్పు చేయాలా?

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉంటాం. ఇద్దరం ఉద్యోగులం, ఆరేళ్ల పాప ఉంది. ఆగస్టు చివర్లో రెండు వారాలు క్రొయేషియా, బోస్నియా, మాంటెనెగ్రో అద్దె కారులో తిరగాలని కోరిక. ఆరు లక్షలవుతుందని లెక్క వేశాం. చేతిలో మూడు లక్షలున్నాయి, నెలకు 30 వేలు మిగులుతాయి. మిగతాదానికి పర్సనల్ లోన్ తీసుకోవాలా, అత్యవసరానికి దాచిన ఎఫ్‌డీ తీయాలా?

జవాబు: రెండూ వద్దండి. మూడు లక్షల లోన్ 14 శాతానికి రెండేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 14,400. వడ్డీకే 45 వేలు పైన పోతాయి. ఇక ఎఫ్‌డీ పాప కోసం, మీ ఉద్యోగాలకు ఏమైనా అయితే ఆదుకోవడం కోసం ఉంచుకున్న ధైర్యం. దాన్ని కదపకండి. ఇప్పటి నుంచి మే వరకు పది నెలలు 30 వేల చొప్పున రికరింగ్ డిపాజిట్ కడితే ఆ మూడు లక్షలూ చేతికొస్తాయి. మేలో పాపకు వేసవి సెలవులు. ఆగస్టులో ఆ దేశాల అడ్రియాటిక్ సముద్ర తీరమంతా కిటకిటలాడుతుంది, గదుల ధరలు మండిపోతాయి. మేలో ఆ బాధ తక్కువ.

ఈలోగా మీ లెక్కను ఇంకోసారి చూడండి. ఈ యాత్రలో డబ్బు ఎక్కువగా జారిపోయేది హోటళ్లలో కాదు, సరిహద్దుల దగ్గర. క్రొయేషియా 2023 జనవరి 1న యూరోలోకి, షెంగెన్‌లోకి (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) వచ్చింది. బోస్నియా, మాంటెనెగ్రో షెంగెన్‌లో లేవు. సింగిల్ ఎంట్రీ వీసాతో క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ దాటి మాంటెనెగ్రోలోని కోటోర్ వెళ్తే మళ్లీ క్రొయేషియాలోకి రానివ్వరు. తిరుగు విమానం క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో ఉంటే ఆ టికెట్లన్నీ పోయినట్టే. అందుకే రూట్ మొత్తం చూపించి మల్టిపుల్ ఎంట్రీ అడగండి. అది చేతిలో ఉంటే తక్కిన రెండు దేశాలూ చిన్న పర్యటనకు వేరే వీసా అడగవు. టికెట్లు కొనేముందు మాత్రం ఆ నిబంధన మారలేదని చూసుకోండి.

కారు తీసుకున్న ఊళ్లోనే తిరిగి ఇవ్వండి, వన్‌వే చార్జీ తప్పుతుంది. ఏయే దేశాలకు తీసుకెళ్తున్నారో ముందే చెప్పి, అనుమతి, గ్రీన్ కార్డు ఇన్సూరెన్స్ (వేరే దేశాల్లోనూ బండికి బీమా ఉందని చూపే పత్రం) కాగితం మీద తీసుకోండి. అనుమతి లేని దేశంలో బండికి దెబ్బ తగిలితే బీమా చెల్లకపోవచ్చు, ఖర్చంతా మీ నెత్తిన పడుతుంది. డిపాజిట్ కోసం క్రెడిట్ కార్డులో కొంత మొత్తం బ్లాక్ చేస్తారు, లిమిట్ సరిపోతుందో చూసుకోండి. బోస్నియాకు అనుమతి దొరక్కపోయినా డుబ్రోవ్నిక్ వదులుకోనక్కర్లేదు. 2022 జూలైలో తెరిచిన పెల్యెషాట్స్ వంతెన మీదుగా, దారిలో అడ్డొచ్చే బోస్నియా తీరాన్ని తాకకుండానే వెళ్లొచ్చు. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడి ఆర్టీఏ ఆఫీసులోనే తీసుకోవాలి, ఏడాది చెల్లుతుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ షెంగెన్‌కే పరిమితమైనది కొనకండి.

కార్డు విషయం నాకు బాగా తగిలిన పాఠం. బోస్నియాలోని మోస్తార్‌లో భోజనం చేశాక స్వైపింగ్ మెషిన్ మీద రూపాయల మొత్తం కనపడింది. మన కరెన్సీయే కదా అని నొక్కేశాను. రాత్రి గదిలో స్టేట్‌మెంట్ చూస్తే ఆ రేటు బ్యాంకు రేటు కంటే చాలా ఎక్కువ. ఎప్పుడూ అక్కడి కరెన్సీనే ఎంచుకోండి. మామూలు కార్డుకు 3.5 శాతం మార్కప్ (విదేశీ కరెన్సీ ఖర్చు మీద బ్యాంకు వేసే చార్జీ), దాని మీద జీఎస్టీ కలిపితే లక్షకు 4,130 రూపాయలు. మార్కప్ లేని కార్డు ఒకటి ఇప్పుడే తీసుకోండి.

మాంటెనెగ్రో ఈయూలో లేకపోయినా యూరోనే వాడుతుంది. బోస్నియాది కన్వర్టిబుల్ మార్క్, ఒక యూరోకు 1.95583. పాత జర్మన్ మార్కుకు యూరో ఇచ్చిన రేటే అది, ఇప్పటికీ కదల్లేదు. కాబట్టి బిల్లును సగం చేస్తే యూరోల్లో ఎంతో తెలిసిపోతుంది, పాప కూడా లెక్క చెప్పగలదు. కానీ ఆ నోట్లు దేశం దాటితే మార్చుకోవడం కష్టం. ఏటీఎంలో రెండు రోజుల ఖర్చుకు మించి తీయకండి, మిగిలిన మార్కులు సరిహద్దుకు ముందు పెట్రోలు బంకులోనే ఖర్చు పెట్టేయండి.