వెనక బరువు వేస్తే ట్రక్కుకు తేలికా?

ప్రశ్న: మాది 26 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (వెనక తగిలించుకునే చక్రాల ఇల్లు), లాగేది ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు. క్రిస్మస్ సెలవుల్లో పిల్లలతో బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి వెళ్దామనుకుంటున్నాం. రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లు, జనరేటర్, పెద్ద కూలర్ ఎక్కడ పెట్టాలన్నదే సమస్య. ట్రైలర్ వెనక బంపర్‌కి ర్యాక్ బిగిద్దాం, ముందు బరువు తగ్గి ట్రక్కుకి కూడా తేలికవుతుంది అంటున్నాడు మా తమ్ముడు. మావారూ సరే అన్నారు. నాకే టెన్షన్‌గా ఉంది. సామాన్లతో కలిపి ట్రైలర్ 6,000 పౌన్లు, హిచ్ (ట్రక్కుకి ట్రైలర్ తగిలించే చోటు) మీద పడే బరువు 700 పౌన్లు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, కేటీ, టెక్సస్

జవాబు: ఆ ర్యాక్ బిగించకండమ్మా. ముందు బరువు తగ్గుతుందని మీ తమ్ముడు అన్నది నిజమే. నా భయం కూడా దాని గురించే.

మాది తెనాలి దగ్గర పల్లె. ధాన్యం బస్తాలు ఎడ్లబండికి ఎత్తేటప్పుడు చివరి రెండు బస్తాలు ఎక్కడ వేయాలో మా నాన్న నొగల దగ్గర నిలబడి చెప్పేవారు. వెనక బరువెక్కువైతే నొగలు పైకి లేస్తాయి, కాడి ఎద్దుల మెడ మీద ఆనదు, తాళ్లు గొంతుకు బిగుసుకుంటాయి. ముందు మరీ ఎక్కువైతే మెడలు పుండ్లు పడతాయి. కాడి మెడ మీద కుదురుగా కూర్చునేంత బరువు ముందు ఉండి తీరాలి. మీ ట్రైలర్‌కి ఆ కాడి హిచ్ బాల్, అంటే ట్రైలర్ ముందు కొస వచ్చి కూర్చునే, ట్రక్కు వెనకున్న ఇనుప గుండు. ట్రైలర్ మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు దాని మీద పడాలి. మీకిప్పుడు 11.7 ఉంది, బాగుంది.

ఇప్పుడు ర్యాక్ వేసి చూద్దాం. సైకిల్ 65 పౌన్ల చొప్పున రెండూ 130, ర్యాక్ 55, పెట్రోలుతో జనరేటర్ 55, ఐస్ నింపిన కూలర్ 60. మొత్తం 300. మీ ట్రైలర్‌లో హిచ్ బాల్ నుంచి ఇరుసుల మధ్యకు 16 అడుగులు, ఇరుసుల నుంచి ర్యాక్ మీది బరువుకు 12 అడుగులు ఉంటుందనుకుందాం. 300ని 12తో హెచ్చవేసి 16తో భాగిస్తే 225. హిచ్ మీద అన్ని పౌన్లు లేచిపోతాయి. 700 కాస్తా 475 అవుతుంది. మొత్తం బరువేమో 6,300కి పెరిగింది. అంటే 7.5 శాతమే. ట్రక్కు తేలికపడినట్టే అనిపిస్తుంది కానీ, ట్రైలర్ మీద దాని పట్టు పోతుంది. పైగా ఇరుసుల మీద 300 కాదు, 525 పౌన్లు అదనంగా పడతాయి.

అంత చివరన ఉన్న బరువు ఒకసారి పక్కకు ఊగడం మొదలుపెడితే ఆగడం కూడా కష్టం. ఇరుసుకు రెట్టింపు దూరంలో ఉన్న బరువు ఊపులో నాలుగు రెట్లు పని చేస్తుంది.

2016లో నాకిది అనుభవమైంది. శాన్ ఆంటోనియో నుంచి ఐ-10 మీద పడమటికి వెళ్తున్నాం, వెనక ర్యాక్ మీద జనరేటర్, కూలర్లు, కట్టెలు. కెర్‌విల్ దాటాక ఒక దిగుడులో 68 మైళ్ల వేగంతో ఉన్నాను. పక్కనుంచి పెద్ద ట్రక్కు దాటింది. ముందు దాని గాలి నెట్టింది, తర్వాత లాగింది. అద్దంలో చూస్తే నా ట్రైలర్ కుడి మూల కనిపించింది, మాయమైంది, ఎడమ మూల కనిపించింది. స్టీరింగ్ నా మాట వినలేదు. వెనక సీట్లో మా అమ్మాయి "నాన్నా" అని ఒక్కసారే అంది. యాక్సిలరేటర్ వదిలేసి, ట్రక్కు బ్రేకు తొక్కకుండా, కంట్రోలర్ మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేశాను. బండి సర్దుకుంది. అలా చేయాలని ఒక పెద్దాయన అంతకుముందే చెప్పి ఉండకపోతే బ్రేకు గట్టిగా తొక్కేవాణ్ణే. మీవారికి ఈ ఒక్క విషయం తప్పకుండా చెప్పండని మిమ్మల్ని అడుగుతున్నాను. ఊగుతున్నప్పుడు స్టీరింగ్‌తో సరిచేయబోవద్దు, వేగం పెంచి లాగబోవద్దు.

జంక్షన్ అనే ఊళ్లో ఆగి బంపర్ కిందికి వంగి చూశాను. ఫ్రేముకి అతికిన చోట వెల్డింగ్ వెంబడి పెయింటు వెంట్రుక మందాన చీలి ఉంది. వేలితో రాస్తే తుప్పు పొడి అంటుకుంది. మీ బంపర్ కూడా 4 అంగుళాల చదరపు గొట్టమే అయితే, మురుగునీటి పైపు దాచుకునే ఆ గొట్టమే అయితే, రేకు ఎంత పల్చనో మూత తీసి చూడండి. దాని మీద స్పేర్ టైరు ఉంటే ఆ బరువును అది ఇప్పటికే మోస్తున్నట్టు. గుంతలో పడ్డప్పుడు ట్రైలర్ తోక ఎగిరిపడేది ఎక్కువ, అందుకే చాలా సైకిల్ ర్యాకులను ట్రైలర్లకు వాడొద్దని తయారీదారులే రాస్తారు. ఊడి పడితే మీ వెనక వచ్చే కారులో కూడా ఎవరి పిల్లలో ఉంటారు.

స్వే బార్లు ఉన్నాయి కదా అంటారేమో. అవి ఊపును తగ్గించగలవు, తప్పుగా వేసిన బరువును సరిచేయలేవు.

జనరేటర్, కూలర్ ట్రక్కు వెనక తొట్టిలో (బెడ్‌లో) పెట్టండి. జనరేటర్‌ను ట్రైలర్ లోపల మాత్రం పెట్టొద్దు, పెట్రోలు ఆవిరి ప్రమాదం. సైకిళ్ల బ్యాటరీలు తీసేసి, సైకిళ్లను ట్రైలర్ లోపల ఇరుసుల మీదుగా నేల మీద పడుకోబెట్టి కట్టేయండి. డ్రైవర్ తలుపు దగ్గరున్న పసుపు స్టిక్కర్‌లో ట్రక్కు మోయగల బరువు రాసి ఉంటుంది. మనుషులు, బెడ్‌లో సామాను, హిచ్ మీది బరువు అన్నీ దాని లోపలే ఉండాలి. ఇంకొకటి, మంచినీళ్ల ట్యాంకు ఎక్కడుందో చూడండి. 40 గాలన్లంటే 330 పౌన్లు. అది ఇరుసుల వెనక ఉంటే, ఇంటి దగ్గరే నింపుకుని బయల్దేరడం కూడా ఆ ర్యాక్ బిగించినట్టే.

అన్నీ సర్దాక ఏదైనా ట్రక్ స్టాప్‌లో తూకం వేయించండి. హిచ్ మీది బరువును ఇరుసులన్నిటికీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ బార్లు ఉంటే వదులు చేసి ట్రైలర్‌తో ఒకసారి, ట్రైలర్ విప్పి ట్రక్కు ఒక్కదాన్నే ఇంకోసారి. ట్రక్కు ఇరుసుల మీద రెండు తూకాలకూ తేడా ఎంతో అదే హిచ్ మీద పడే అసలు బరువు. ఆ రెండు చీటీల్లోని అంకెలు, బాల్ నుంచి ఇరుసుల మధ్యకు టేపుతో కొలిచిన దూరం రాసి పంపండి. మీరు బయల్దేరేలోపు లెక్క చూసి చెబుతాను.