ఐపీటీజీ వేయకుండానే ప్రోటీన్ వస్తోందంటే లాక్ రెప్రెసర్ పనిచేయనట్టేనా?

పనిచేస్తూనే ఉంటుందండీ. ఐపీటీజీ (జీన్‌ను ఆన్ చేయడానికి వేసే రసాయనం) కలపని ట్యూబు నుంచి తీసిన శాంపిల్‌లో కూడా జెల్ మీద ఆ ప్రోటీన్ బ్యాండ్ కనిపించిందని, ప్లాస్మిడ్ (జీన్‌ను మోసే చిన్న డీఎన్ఏ వలయం) పాడైందేమోనని అడిగారు. ప్రోటీన్లు తయారుచేసే ల్యాబ్‌లోనే నా ఉద్యోగం. ఇలాంటి బ్యాండ్ చూసినప్పుడు ప్లాస్మిడ్‌ను నేను ఆఖర్న అనుమానిస్తాను.

ఈ.కోలై బాక్టీరియాలో లాక్ రెప్రెసర్ అంటే జీన్‌ను ఆపి ఉంచే ప్రోటీన్, ఒకే రకం గొలుసులు నాలుగు కలిసినది. ఒక్కో గొలుసు కొసన ఉన్న చిన్న హెలిక్స్ డీఎన్ఏ పెద్ద గాడిలోకి దూరి, ఆపరేటర్ అనే ఇరవై చిల్లర బేస్ జతల వరుసను పోల్చుకుంటుంది. అది అక్కడ కూర్చుంటే జీన్‌ను ఎంఆర్ఎన్ఏగా నకలు తీసే ఆర్ఎన్ఏ పాలిమరేజ్ పని సాగదు. పైగా రెండు ఆపరేటర్లను ఒకేసారి పట్టుకుని మధ్యలోని డీఎన్ఏను మెలికలా వంచుతుంది కాబట్టి ఒక చోట పట్టు జారినా రెండో పట్టు ఉంటుంది. అయినా శాశ్వతంగా అతుక్కుని ఉండదు, వదులుతూ మళ్లీ పట్టుకుంటూ ఉంటుంది. మామూలు కణంలో ఉండేవి పదో ఇరవయ్యో, అంతే. ఆ వదిలిన క్షణాల్లో కాస్త ఎంఆర్ఎన్ఏ తయారవుతుంది.

నిజానికి ఈ లీకే లేకపోతే బాక్టీరియాకు లాక్టోజ్ వచ్చిన సంగతే తెలియదు! లాక్టోజ్ లోపలికి రావాలంటే పర్మియేజ్ కావాలి. దాన్ని అల్లోలాక్టోజ్‌గా మార్చడానికి బీటా గెలాక్టోసిడేజ్ కావాలి. రెప్రెసర్ పట్టు సడలించేది ఆ అల్లోలాక్టోజే. ఆ రెండు ప్రోటీన్లనూ తయారుచేసేది మాత్రం ఈ రెప్రెసర్ ఆపి ఉంచే ఆపెరాన్ (ఒకే స్విచ్ కింద ఉండే జీన్ల వరుస). 1961లో జాకబ్, మోనో ప్రతిపాదించిన నమూనాలో నాకు బాగా నచ్చే మెలిక ఇదే.

ఇక మీ జెల్ సంగతి. మీది పెట్ వెక్టర్ (ప్లాస్మిడ్ రకం), బీఎల్21 డీఈ3 (ఈ.కోలై స్ట్రెయిన్) అన్నారు. అందులో మీ జీన్‌ను నడిపేది టీ7 పాలిమరేజ్, దాన్ని ఆపి ఉంచేది లాక్ రెప్రెసర్. రాత్రంతా షేకర్‌లో వదిలేసిన ఎల్‌బీ కల్చరా? ఎల్‌బీ మీడియంలో ఉండే ట్రిప్టోన్ పాల ప్రోటీన్ నుంచి వచ్చేది. కొన్ని బ్యాచుల్లో లాక్టోజ్ ఆనవాళ్లు ఉంటాయి. గ్లూకోజ్ ఉన్నంతసేపూ ఏమీ కాదు, కల్చర్ బాగా ముదిరాక ఆ కొంచెం లాక్టోజే ఇండ్యూసర్ పని చేసేస్తుంది. అదే కాలనీతో రెండు ఫ్లాస్కులు పెట్టి, ఒకదాంట్లో 1 శాతం గ్లూకోజ్ వేసి, పక్కపక్క లేన్లలో నడపండి. గ్లూకోజ్ లేన్‌లో బ్యాండ్ పలచబడితే కారణం మీడియమే. అప్పటికీ తగ్గక, మీ ప్రోటీన్ కణాలకు విషంలాంటిదైతే పీలైస్ఎస్ ఉన్న స్ట్రెయిన్‌కు మారండి. అందులోని లైసోజైమ్ టీ7 పాలిమరేజ్‌ను నేరుగా అడ్డుకుంటుంది.