పగులు వచ్చాకే పీచుకు పని

చి. మాధవికి,

పీచు కాంక్రీటు (సన్నటి ఉక్కు తీగ ముక్కలు కలిపిన కాంక్రీటు) అలసట మీద, అంటే పదేపదే బరువు పడి అది దెబ్బతినడం మీద, నువ్వు రాసిన వ్యాసం చదివాను. విషయం నీకు బాగా తెలుసు, అందులో అనుమానం లేదు. కానీ ఒక ముఖ్యమైన సంగతి చెప్పకుండా దాటేశావు. అది లేకపోతే మిగతాదంతా కంపెనీ బ్రోచర్ లాగే ఉంటుంది. పీచు పని చేసేది ఎప్పుడు?

"ఉక్కు పీచు కలిపితే కాంక్రీటు పగలదు" అని మొదటి పేరాలోనే రాసేశావు. పగులుతుందమ్మా. ఘనపు మీటరుకు 30 కిలోల పీచు వేస్తే, పరిమాణంలో అది నూటికి 0.4 వంతు కూడా ఉండదు. అంత కొంచెంతో మొదటి పగులు వచ్చే బరువు పెద్దగా మారదు. లారీ వెళ్లిన ప్రతిసారీ కంకరకీ సిమెంటు ముద్దకీ మధ్య కంటికి కనిపించని చీలికలు రవ్వంత పెరుగుతాయి. అవన్నీ కలిసి ఒక పగులయ్యాక, దానికి అడ్డంగా పడి ఉన్న పీచులు రెండు అంచుల్నీ పట్టి ఉంచుతాయి. కొసలు వంచిన పీచు ఊడి రావాలంటే ముందు ఆ వంపు సాగాలి, దానికి చాలా బలం కావాలి. అయితే పగులు తెరుచుకుని మూసుకున్నప్పుడల్లా పీచు చుట్టూ ఉన్న పట్టు కొద్దికొద్దిగా అరిగిపోతుంది. పట్టు తప్పిన పీచు భారం పక్కవాటి మీద పడుతుంది. పగులు ఇంకొంచెం పైకి పాకుతుంది. నీ వ్యాసానికి గుండెకాయ ఇదే. దీన్ని ఒక్క వాక్యంలో కానిచ్చేశావు. ఒక పేజీ తీసుకో, ఎవరూ ఏమీ అనరు.

కట్టుతీగను అటూ ఇటూ వంచి తెంపే పోలిక చక్కగా ఉంది, కాకపోతే పెట్టిన చోటు తప్పు. తీగ లోహం కాబట్టి వంగుతుంది, వంగి వంగి తెగుతుంది. కాంక్రీటు అలా వంగదు, లోపల్లోపల చీలుతుంది. ఆ పోలికను పీచు దగ్గరికి తీసుకెళ్లు. చాలా పీచులు ఊడి వచ్చేస్తాయి. కానీ కాంక్రీటు మరీ గట్టిదై పట్టు వదలనప్పుడు, కొన్ని పగులు దగ్గరే అచ్చం ఆ తీగలా తెగిపోతాయి.

ఇక అంకెల సంగతి. కాంక్రీటు రోడ్ల డిజైన్ కోసం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన మన ఐఆర్‌సీ-58లో ఉన్న లెక్క నువ్వెందుకు వాడుకోలేదో నాకు అర్థం కాలేదు. స్లాబు మీద పడే ఒత్తిడి దాని ఫ్లెక్సురల్ స్ట్రెంత్‌లో (వంగేటప్పుడు విరగకుండా తట్టుకునే బలంలో) 0.45 వంతు కంటే తక్కువుంటే ఎన్నిసార్లయినా తట్టుకుంటుందని లెక్క. 0.55 అయితే సుమారు 1,24,000 సార్లు. 0.65 అయితే 7,700. ఒత్తిడి ఐదో వంతు కూడా పెరగలేదు, ఆయుష్షు మాత్రం పదహారో వంతుకు పడిపోయింది! ఓవర్‌లోడ్ లారీ వెనకాల బండి నడిపిన ప్రతివాడికీ ఈ అంకెలు అర్థమవుతాయి. 2018లో కేంద్రం లారీల నాలుగు టైర్ల సింగిల్ యాక్సిల్ (ఒంటి ఇరుసు) బరువు పరిమితిని 10.2 నుంచి 11.5 టన్నులకు పెంచిన సంగతి కూడా పక్కనే పెట్టు. వ్యాఖ్యానం అక్కర్లేదు. అయితే ఇవి పీచు లేని కాంక్రీటు అంకెలని తప్పకుండా రాయి.

"పీచుతో ఆయుష్షు రెట్టింపు" అన్నావు. దేనితో పోలిస్తే? పీచున్నదీ లేనిదీ, రెండు పరీక్ష దిమ్మెల మీదా ఒకే బరువు వేసి పోల్చడం వేరు, ఒక్కోదానికీ దాని సొంత బలంలో అదే వంతు బరువు వేసి పోల్చడం వేరు. మొదటి పద్ధతిలో గొప్పగా కనబడిన లాభం రెండో పద్ధతిలో బాగా తగ్గిపోవచ్చు. ఏ పద్ధతో చెప్పని "రెట్టింపు"ను నేనైతే కొట్టేస్తాను.

"20 లక్షల సార్లు వేసినా విరగలేదు కాబట్టి ఇక విరగదు" అన్న వాక్యం కూడా తీసెయ్. సెకనుకు ఐదుసార్లు చొప్పున బరువు వేసినా 20 లక్షలకు నాలుగున్నర రోజులు దాటుతుంది. ఒక్క దిమ్మెకే మెషీన్ అన్నాళ్లు పోతుంది కాబట్టి చాలా ల్యాబుల్లో అక్కడ ఆపేస్తారు. ఆపారు, అంతే. పైగా ఒకే మిశ్రమంతో పోసిన దిమ్మెల మధ్య ఆయుష్షు పది రెట్లు తేడా రావడం మామూలే. పగులుకు అడ్డంగా ఎన్ని పీచులు పడ్డాయి, ఎటు తిరిగి ఉన్నాయి అన్నది దిమ్మెదిమ్మెకీ మారుతుంది. మిక్సర్‌లో ఒక్కసారిగా కుమ్మరిస్తే పీచు ఉండలు కట్టేస్తుంది కూడా. సైటులో మేస్త్రీలు దీని గురించి చెప్పే మాటలు నీ వ్యాసంలో ఒక్కటీ లేవు. వెళ్లి అడిగి రా.

జర్మన్ ఇంజనీరు వోలర్ రైలు ఇరుసుల మీద చేసిన అలసట పరీక్షలతో నువ్వు మొదలుపెట్టిన చరిత్ర రెండు పేజీలుంది. రెండు వాక్యాలు చాలు. 1963 నాటి రొముఆల్డి, బాట్సన్‌ల పేపరు ప్రస్తావన మాత్రం ఉంచు. దగ్గరదగ్గరగా ఉన్న తీగలు పగులును ఎలా ఆపుతాయన్న ఆలోచన అందులో ఉంది, నీ రెండో భాగానికి పనికొస్తుంది.

గ్రాఫ్ బాగుంది. నిలువు గీత పక్కన "ఒత్తిడి స్థాయి" అని వదిలేశావు. అది దేనిలో ఎన్నో వంతో అక్కడే రాసి, మార్చిన ప్రతి పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు