ఫైలు పైకి పంపే ముందు

తిరుపతి,
ఆగస్టు.

అమ్మణ్ణీ,

నువ్వు పంపిన మామిడి టోకెన్ల ప్రతిపాదన రెండుసార్లు చదివినాను. నలభై పేజీలు, దండిగా రంగుల బొమ్మలు. ఫ్యాక్టరీ గేటు ముందు తోతాపురి ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడకుండా రైతు ఫోనుకు టైము పంపాలనే ఆలోచన మంచిదే. కానీ దీన్ని ఇట్లే పంపితే వెలగపూడి సచివాలయం దాకా పోయి ‘ప్లీజ్ డిస్కస్’ అనే రెండు మాటలతో తిరిగొస్తుంది. అది చర్చకు పిలుపు అనుకునేవు. చాలాసార్లు దానికి అర్థం, నలభై పేజీలు చదివే ఓపిక లేదని.

అధికారులు చదివి సంతకం పెట్టే నోట్ ఫైలు రెండు పేజీలు దాటనీయొద్దు. బొమ్మలన్నీ జతకాగితాలుండే కరెస్పాండెన్స్ ఫైలులో పెట్టు. ఏమి అనుమతి కావాలి, ఎంత సొమ్ము, ఏ హెడ్ ఆఫ్ అకౌంట్ కింద, అంటే ఏ పద్దులో అనేది మొదటి పేరాలోనే కనపడాల. పద్దు రాయని ఫైలును ఆర్థిక శాఖలో ఎవరూ తిట్టరు. పక్కన పెడతారు, అంతే.

‘మళ్లీ ఇంకో యాప్ ఎందుకు?’ అని అక్కడ కూర్చున్నాయన అడిగేది నాకు ఇక్కడికే వినిపిస్తా ఉంది. 2025 జనవరిలో మన మిత్ర వచ్చె, వాట్సాప్‌లోనే సేవలు. ఎవరికి ఎంత తోట ఉందో ఈ-క్రాప్ అనే పంట నమోదులో ఎక్కిస్తానే ఉన్నారు. నువ్వు మళ్లీ పాసుపుస్తకం ఫొటో, ఆధార్ ఎందుకు అడుగుతావు? 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చినాక, అక్కర లేని వివరం తీసుకుంటే జవాబు చెప్పుకోవాల్సింది నీ శాఖే. ఉన్నవాటికి తగిలించి పనిచేస్తుందని రాయి.

రైతు కష్టం మీద రెండు పేజీలు రాసినావు. నిజమే, మనమూ కాయ అమ్ముకున్నోళ్లమే. అయితే ఆర్థిక శాఖ కదిలేది వేరే లెక్కకు. 2025లో ధర పడిపోతే కిలోకు 12 రూపాయలని, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇచ్చేటట్టు నిర్ణయించినారు కదా. అట్లాంటి సాయం మళ్లీ ఇవ్వాల్సి వస్తే, ఆ నాలుగు రూపాయలు ఏ బండి, ఏ తూకం, ఏ ఖాతా అని ఆడిట్ ముందు పెట్టే రుజువు నీ టోకెనే. అది ముందు రాయి, క్యూ సంగతి తర్వాత.

ఇంక నేను తలవంచుకున్న కథ. రిటైరయ్యే ముందు ఒక పథకానికి ఎస్సెమ్మెస్‌ల ఖర్చు నేనే లెక్క వేసినా. ఇంగ్లీషు లెక్కన మెసేజీకి 160 అక్షరాలు, ఒక్క చార్జీ. పంపింది మాత్రం తెలుగులో. తెలుగుకు 70 అక్షరాలే దక్కుతాయి. పైగా ‘క్ష’ మనకు ఒక్క అక్షరం, ఆ మిషనుకు మూడు. ప్రతి మెసేజీ మూడు ముక్కలయింది, మార్చి దాకా రావాల్సిన సొమ్ము నవంబరుకే చెల్లిపోయింది. కంప్యూటర్లు ఆడతానే ఉన్నాయి, మెసేజీ మాత్రం పోదు. అదనపు సొమ్ము అడిగే ఫైలు మీద సంతకం పెట్టేటప్పుడు నా చెయ్యి వణికింది.

అందుకే చెప్తున్నా, అనుమతి యాప్ తయారీకి అడగొద్దు, మూడేళ్లు నడపడానికి అడుగు. మెసేజీలు, స్టేట్ డేటా సెంటర్‌లో చోటు, కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ జాబితాలోని సంస్థతో సెక్యూరిటీ ఆడిట్, ఏటేటా నిర్వహణకు ఏఎంసీ ఒప్పందం, రైతు ఫోన్ చేస్తే ఎత్తే మనిషి, అన్నీ అందులో రావాల. నీ నలభై పేజీల్లో ఆ ఫోన్ ఎత్తే మనిషి లేడు.

మీసేవ 2011 నవంబరులో మన చిత్తూరు జిల్లాలోనే మొదలైంది. అందరూ కంప్యూటర్లనే చూసినారు. దాన్ని నిలబెట్టింది, తహసీల్దారు డిజిటల్ సంతకంతో వచ్చిన కాగితం చెల్లుతుందనే మాట. నీ టోకెను చూపిస్తే గేటు దగ్గర వాచ్‌మన్ ‘ఇది చెల్లదు పో’ అంటే రైతు ఏం చేయాల? కలెక్టర్ మీటింగులో ఫ్యాక్టరీల వాళ్ల చేత ఒప్పించి మినిట్స్‌లోకి ఎక్కించు, ఆ వాక్యమే ఉత్తర్వులోకి రానీ.

కొనుగోలు ప్రభుత్వ టెక్నాలజీ సంస్థ ఏపీటీఎస్‌కు వదిలెయ్. పనిని ముక్కలు చేసి టెండరు తప్పించుకోమని చెప్పేవాళ్లు ఉంటారు, ఆడిట్ రోజు వాళ్లు కనపడరు. నీ స్నేహితుడి కంపెనీకి టెండరు లేకుండా నామినేషన్ మీద ఇద్దామనే మాట ఫోన్లో కూడా అనొద్దు.

కాయ జూన్‌లో, అంటే కొత్త ఆర్థిక సంవత్సరంలో. తయారీ డబ్బు మార్చి 31 దాటితే ల్యాప్స్, అంటే మురిగిపోతుంది, నడిపే డబ్బు వచ్చే బడ్జెట్‌లో. రెండింటికీ ఇప్పుడే అడిగి పెట్టుకో. ఈ-ఆఫీసులో ఫైలు ఎవరి దగ్గర ఉందో కనపడుతుంది గానీ ఎందుకు ఆగిందో కనపడదు. వెలగపూడికి పోయినప్పుడు ముందు సెక్షన్ ఆఫీసరును కలువు, తర్వాతే పెద్ద గదులు.

ఆదివారం ఆ రెండు పేజీలు తీసుకుని రా. నలభై పేజీలు తెస్తే వడలు పెట్టేది లేదంటోంది మీ పెద్దమ్మ.

మీ పెదనాయన