నాలుగు కంపెనీల సైట్లు ఒకే గొడుగు కిందికి తెచ్చే ముందు

అల్లుడూ,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పిందాంట్లో సగం బాలానగర్ ట్రాఫిక్ హారన్లలో కలిసిపోయింది. నాకు అర్థమైంది ఇదీ. మీ సారుకి నాలుగు కంపెనీలు: జీడిమెట్లలో పంపుల యూనిట్, కూకట్‌పల్లిలో టైల్స్ షోరూం, పటాన్‌చెరులో గోడౌన్లు, శంషాబాద్ దారిలో ఫంక్షన్ హాల్. నాలుగింటి వెబ్‌సైట్లకీ నాలుగు వర్డ్‌ప్రెస్‌లు, అంటే సైటు నడిపే సాఫ్ట్‌వేర్ నాలుగుచోట్ల విడివిడిగా. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా నాలుగుసార్లు కూర్చోలేక, అన్నిటినీ మల్టీసైట్ కిందికి, అంటే ఒకే వర్డ్‌ప్రెస్ మీద నడిచే సైట్ల నెట్‌వర్క్‌లోకి, తెద్దామనుకుంటున్నావు.

తేవచ్చు. ఒకప్పుడు దీనికి వర్డ్‌ప్రెస్ ఎంయూ అని వేరే సాఫ్ట్‌వేర్ ఉండేది. 2010లో 3.0 వచ్చినప్పుడు దాన్ని మామూలు వర్డ్‌ప్రెస్‌లో కలిపేశారు. 2016లో 4.5 వచ్చాక ఒక్కో సైటుకి దాని సొంత డొమైన్ తగిలించడానికి ప్లగిన్ (అదనంగా వేసుకునే చిన్న ప్రోగ్రాం) కూడా అక్కర్లేదు. కాన్ఫిగ్ ఫైల్లో ఒక లైను రాసి, టూల్స్‌లో నెట్‌వర్క్ సెటప్ నొక్కడం అమీర్‌పేటలో ఏ కోచింగులోనైనా ఒక్క పూటలో చెప్పేస్తారు. నేను రాసేది దాని గురించి కాదు.

ముందు మీ సారుని ఒక మాట అడుగు. ఈ నాలుగింట్లో రేపు వేరుపడే కంపెనీ ఏది? ఎవరి వాటా ఎందులో ఎంత?

నవ్వకు. మల్టీసైట్ అంటే ఉమ్మడి కాపురమే. ఒక్కో సైటుకి డేటాబేస్‌లో పది టేబుళ్లు (సమాచారం దాచే పట్టికలు) విడిగా ఉంటాయి, ఫొటోలకు నంబరు వేసిన ఫోల్డర్ విడిగా ఉంటుంది, కానీ యూజర్ల టేబుల్ మాత్రం అందరికీ ఒక్కటే. నేను పనిచేసిన ఒక ఇంట్లో అన్నదమ్ములు పంచుకున్నారు. తమ్ముడి కంపెనీ సైటు వారంలో విడదీసి ఇవ్వమన్నారు. టేబుళ్లు తీశాను, వాటి పేర్ల ముందుండే ప్రిఫిక్స్ మార్చాను, ఫొటోల దారులు సరిచేశాను. అంతా అయిందనుకుని చూస్తే తమ్ముడుగారు రాసిన పేజీలన్నిటి మీదా వాళ్ల అకౌంటెంట్ పేరు! కొత్త ఇన్‌స్టాలేషన్‌లో యూజర్ల నంబర్లు మారిపోయాయి, పోస్టులు మాత్రం పాత నంబర్లనే పట్టుకుని కూర్చున్నాయి. నాలుగు రాత్రులు పోయాయి. ఆ పని బిల్లులో ఏమని రాయాలో ఇప్పటికీ నాకు తెలియదు.

కాబట్టి వేరుపడే అవకాశం ఉన్నదాన్ని అసలు ఇందులోకి తేకు. దాని మానాన దాన్ని విడిగా ఉంచు, అదనంగా ఒక అప్‌డేట్ చేసుకుంటే పోయేదేం లేదు.

రెండోది, మొదటి సైటు సంగతి. నెట్‌వర్క్‌లో మొదటిదానికి టేబుళ్ల పేర్లలో నంబరు ఉండదు, నెట్‌వర్క్ అంతా దాని డొమైన్ మీదే నిలబడుతుంది. చాలామంది పెద్ద కంపెనీ కదా అని దాన్నే అక్కడ పెడతారు. తర్వాత దాన్ని కదపాలంటే ఇల్లంతా కదులుతుంది. నువ్వు అక్కడ ఏ కంపెనీనీ పెట్టకు. ఒక మామూలు డొమైన్ కొని, ఒక ఖాళీ పేజీ పెట్టి వదిలెయ్. నాలుగు కంపెనీలూ రెండో నంబరు నుంచి మొదలవ్వాలి.

ఇక సూపర్ అడ్మిన్, అంటే నెట్‌వర్క్ మొత్తం మీద అధికారం ఉన్న అకౌంట్. ఇది నీ దగ్గర ఉండాలి, నువ్వు ఊళ్లో లేనప్పుడు చూసే ఇంకొకళ్ల దగ్గర ఉండాలి, అంతే. ఒకసారి దసరా ముందు షోరూం మార్కెటింగ్ కుర్రాడు బతిమాలుతుంటే పోనీలే అని ఇచ్చాను. అతను ఆఫర్ పాపప్ ప్లగిన్ ఒకటి వేసి, తన సైటులో కాకుండా, అన్ని సైట్లకూ ఒకేసారి వర్తించే నెట్‌వర్క్ యాక్టివేట్ నొక్కాడు. మర్నాడు పొద్దున అదే నెట్‌వర్క్‌లో ఉన్న డయాగ్నొస్టిక్ సెంటర్ అపాయింట్‌మెంట్ పేజీ తెరిస్తే, మధ్యలో ఎర్రగా వెలుగుతూ ‘రెండు కొంటే ఒకటి ఉచితం’. డాక్టరుగారు నాకు ఫోన్ చేసి ఏమీ తిట్టలేదు. ‘ఏవి రెండు బాబూ?’ అని మాత్రం అడిగారు. అలా వేసిన ప్లగిన్‌ని ఆ సైటు అడ్మిన్ తీసేద్దామన్నా కుదరదు, పై నుంచే తీయాలి.

మనిషి ఉద్యోగం మానేసినప్పుడు కూడా జాగ్రత్త. ఒక సైటులోంచి తీసేస్తే ఆ సైటులోంచే పోతాడు, నెట్‌వర్క్‌లో అకౌంట్ అలాగే ఉంటుంది. మిగతా మూడింట్లో అతనికి ఏ హక్కులున్నాయో చూసుకో. అకౌంట్ పూర్తిగా తీసేసేటప్పుడు అతను పెట్టిన పేజీలు ఎవరి పేరు మీదికి మార్చాలని అడుగుతుంది. కంగారులో ఓకే కొట్టకు.

బ్యాకప్ గురించి ఒక మాట. హోస్టింగ్ వాళ్లు ఇచ్చేది మామూలుగా మొత్తం డేటాబేస్ బ్యాకప్. పంపుల సైటు పాడైందని నిన్నటి కాపీ వెనక్కి తెస్తే, ఫంక్షన్ హాల్‌కి ఇవాళ వచ్చిన బుకింగులు కూడా పోతాయి. పెళ్లిళ్ల సీజన్లో అలా జరిగితే నిన్ను మండపంలోకి కూడా రానివ్వరు. అందుకే మొత్తం బ్యాకప్ ఉన్నా సరే, ఒక్కో సైటు టేబుళ్లు విడిగా కూడా రోజూ తీసుకో. అప్‌డేట్లు ముందు కాపీ సైటు మీద వేసి చూడు. ఇక్కడ అన్నిటికీ కలిపి వేసిన ఒక్క ప్లగిన్ పగిలితే నాలుగు సైట్లూ ఒకేసారి తెల్లబోతాయి.

చిన్న చిన్నవి: అప్‌లోడ్ సైజు మొదట్లో 1500 కేబీ ఉంటుంది, పంపుల బ్రోచర్ ఎక్కట్లేదని ఫోన్ రాకముందే పెంచు. ఎంక్వైరీ ఫారాల మెయిల్ ఏ కంపెనీదైతే ఆ కంపెనీ డొమైన్ నుంచే వెళ్లాలి. జీఎస్‌టీ నంబరూ అడ్రసూ థీమ్ (సైటు రూపం) ఫైల్లో రాసేయకు, ప్రతి సైటు సెట్టింగుల్లో విడిగా పెట్టు. టైల్స్ బిల్లు వివాదం గోడౌన్ల అడ్రసుకి నోటీసై వెళ్లకూడదు కదా. డొమైన్లు మాత్రం ఆయా కంపెనీల పేరు మీదే ఉండాలి, నీ పేరు మీద వద్దు.

వాటాల సంగతి కనుక్కుని నాకు ఫోన్ చెయ్. బండి మీద ఉన్నప్పుడు కాదు, ఇంటికెళ్లాక. అప్పటిదాకా కాన్ఫిగ్ ఫైల్ ముట్టుకోకు.

మీ మామ